ఇద్దరు భాగ్యవతుల ఇల్లు

నా పేరు భాగ్యవతి. ఆధార్ కార్డులో అదే, ఓటరు కార్డులో అదే, పదో తరగతి సర్టిఫికెట్‌లోనూ అదే. మా ఇంటి గుమ్మం లోపల మాత్రం నేను భాగ్యవతిని కాను. ఇరవై మూడేళ్ల కింద నరసన్నపేటలో ఈ గుమ్మం దాటి లోపలికి వచ్చినప్పుడే ఆ పేరు బయట వదిలేయమన్నారు. ఎందుకంటే ఇంట్లో అప్పటికే ఒక భాగ్యవతి ఉంది. ఆవిడ మా అత్త.

సంబంధం కుదిరినప్పుడు ఎవరికీ ఇది తోచలేదు. శుభలేఖలు అచ్చయి వచ్చాక చూసుకున్నారు, వరుడి తల్లీ భాగ్యవతే, వధువూ భాగ్యవతే. మా నాన్న నవ్వాడు. నేనూ నవ్వాను. పెళ్లయిన మూడో రోజున మా మావగారు వీధి వరండాలోంచి "భాగ్యం, మంచినీళ్లు" అన్నారు. నేను గ్లాసుతో పరిగెత్తాను. పెరట్లోంచి మా అత్త ఇంకో గ్లాసుతో వచ్చింది. ఆయన రెండు గ్లాసులూ చూసి, ఎవరిది తీసుకుంటే ఎవరికి కోపమో అని, దాహం లేదని లేచి వెళ్లిపోయారు. ఆ సాయంత్రమే మా అత్త పంచాయితీ పెట్టింది.

"ఒకే కొంపలో ఇద్దరు బాగ్యవతులుంటే ఎలగే? ఎవుల్ని పిలిస్తే ఎవులు పలుకుతారు? నాకు యాబై వస్తన్నాయి, ఇప్పుడు నాను పేరు మార్చుకోనేను. నువ్వు కొత్తదానివి. నిన్ను సిట్టీ అంటాం" అంది.

చిట్టి. వాళ్ల నోట్లో సిట్టి. నాకు ఒళ్లు మండిపోయింది. మా పుట్టింట్లో ఒక మేక ఉండేది, దాని పేరు చిట్టి. ఇంటర్ చదివినదాన్ని, మా తాతమ్మ పేరు పెట్టుకున్నదాన్ని, మూడు రోజుల్లో మేకనైపోయానని రెండు పూటలు అన్నం మానేశాను. మా ఆయన లక్ష్మణరావు వచ్చి పక్కన కూర్చున్నాడు. చివరికి అన్నాడు.

"బయట నీ పేరు నీకే ఉంటాది సిట్టీ. ఇది లోపల పేరు. బయటోడికి తెల్దు, తెలియనక్కర్నేదు. రెండూ గుద్దుకోకుండా ఉంటాయి."

"మేక పేరయ్యా అది!" అన్నాను.

"మంచి మేకేనా?" అన్నాడు. నవ్వు ఆపుకోలేక అన్నం తిన్నాను. కానీ కోపం పోలేదు. ఇరవై మూడేళ్లుగా కొంచెం కొంచెంగా ఉంటూనే వచ్చింది.

మా ఆయన అప్పట్లో కేబుల్ టీవీ వైర్లు లాగేవాడు. ఊళ్లో ఏ వైరు ఏ డాబా మీంచి ఏ ఇంటికి దిగుతుందో కళ్లు మూసుకుని చెప్పేవాడు. తరవాత కంప్యూటర్ల వైర్ల పని నేర్చుకున్నాడు. పన్నెండేళ్లుగా ఊళ్లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కంప్యూటర్లన్నీ ఆయనే చూసుకుంటాడు. ఆయనకో పిచ్చి ఉంది. ఏ వైరు కనపడినా రెండు కొసలకీ తెల్ల టేపు చుట్టి పెన్నుతో పేరు రాస్తాడు. పేరు లేని వైరు చూస్తే ఆయనకి అన్నం సహించదు. మా మిక్సీ వైరు మీద కూడా 'మిక్సీ' అని ఉంటుంది. చివర మిక్సీ కనపడుతూనే ఉంది కదా మహానుభావా అంటే, "ఉండనీ" అంటాడు. మాట తక్కువ మనిషి. రోజుకి వంద మాటలుంటే తొంభై ఆసుపత్రిలోనే ఖర్చయిపోతాయి, ఇంటికి పది తెస్తాడు.

ఆ పది మాటల మనిషి, పని గురించి అడిగితే మాత్రం నోరు విప్పుతాడు. కంప్యూటర్లకి పేర్లెందుకయ్యా అని ఒకసారి అడిగాను. "వాటికి ఉండేవి నెంబర్లే. మనుషులకి నెంబరు గుర్తుండదు. అందికని ల్యాబుకో పేరు, మందుల కౌంటరుకో పేరు. నర్సులు రోగుల ఇళ్లకెల్లి రాసే పుస్తకం ఉన్నాది కదా, దానికి 'ఇంటికి' అని పెట్టినాను. ఇవన్నీ ఆస్పత్రి నాలుగు గోడల మధ్యన పిలుసుకునే పేర్లు" అన్నాడు. ఆ రోజు నేను సగమే విన్నాను. పొయ్యి మీద పాలున్నాయి.

మావగారు పోయి చాలా ఏళ్లయింది. మా అమ్మాయి విజయనగరంలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఇంట్లో ఇప్పుడు ముగ్గురమే, ఆయన, నేను, అత్త.

రెండేళ్ల కింద ఆ ఆసుపత్రిలోనే నా రక్తం పరీక్ష చేసి, కిడ్నీల్లో తేడా ఉందన్నారు. మా వైపు ఈ మాటంటే ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. వీధికొకరున్నారు. మా ఆయన అన్న, మా గోవిందు బావగారు, పదేళ్ల కింద ఆ రోగంతోనే పోయారు. నాలుగేళ్లు, వారానికి రెండుసార్లు, శ్రీకాకుళం బస్సులో డయాలసిస్‌కి తిప్పింది మా అత్త. వచ్చేటప్పుడు ఆయన అత్త భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయేవారు. నా కిడ్నీ తీసి పెట్టండని డాక్టర్ల చుట్టూ తిరిగింది, కుదరదన్నారు. ఆయన పోయాక ఆరు నెలలు మా అత్త నోట మాట లేదు. అంత నోరున్న మనిషి! వంటింట్లో గోడకి చేరబడి చాటలో బియ్యం ఏరేది. ఏరిన బియ్యమే మళ్లీ ఏరేది.

అందుకే డాక్టరు నాకు చెప్పిన రోజున, ఆసుపత్రి మెట్ల మీదే మా ఆయనతో అన్నాను. "మీ అమ్మకి తెలియకూడదు. తెలిస్తే ఈసారి మనిషి మనకి దక్కదు." ఆయన తలూపాడు.

నాది ఇంకా మందులతో ఆగే దశేనట. ఉప్పు తగ్గించాలి, బీపీ చూసుకోవాలి, నెలకోసారి రక్తం ఇవ్వాలి. దానికి దేవి అనే నర్సు నెలకో గురువారం ఇంటికి వస్తుంది. అత్తకి బీపీ చూడ్డానికి వచ్చానంటుంది. నిజంగానే చూస్తుంది. అత్త ఎదురింటి అరుగు మీదికి కబుర్లకి వెళ్లాక నా చెయ్యి పట్టుకుని రక్తం తీస్తుంది. నేను ఉప్పు ఎందుకు మానేశానని అత్త అడిగితే, నాకూ బీపీ వచ్చిందన్నాను. "నీ కోపానికి బీపీ రాక మరేటొస్తాదే" అంది. అలా రెండేళ్లు నెట్టుకొచ్చాం.

పోయిన నెలలో మా అత్త వరస మారిపోయింది.

ముందు ఆవకాయ జాడీ తీసుకెళ్లి ఎదురింటివాళ్లకి ఇచ్చేసింది. ఆవకాయ లేకపోతే కంచం ముందు కూర్చోని మనిషి! తరవాత కూరలో ఉప్పు వద్దంది. పొద్దున్నే సోడి అంబలి, అదే రాగి జావ, చెంబుడు తాగేది కాస్తా చిన్న గ్లాసుతో కొలిచి తాగడం మొదలుపెట్టింది. ఒకరోజు ట్రంకు పెట్టె తీసి, తన పట్టుచీరలు రెండూ నా మంచం మీద పెట్టింది. నాకసలే ముక్కు మీద కోపం.

"ఏటత్తా ఇది? నా వంట నచ్చకపోతే నచ్చనేదని సెప్పు. ఇలగ ఉప్పు మానేసి, చీరలు పంచేసి, ఎవుల్ని సాధించడానికి?" అని గట్టిగానే అరిచాను.

ఆవిడ తిరిగి అరుస్తుందని నడుం బిగించి నిలబడ్డాను. అరవలేదు.

"నీ వంటకేటే అమ్మీ. శానా బాగున్నాది" అంది.

ఇరవై మూడేళ్లలో ఆ మాట ఒక్కసారి అనలేదు. నాకు చెప్పలేనంత భయం వేసింది. ఆ మర్నాడు నన్ను కూర్చోబెట్టి తలకి నూనె రాసింది. రాస్తూ రాస్తూ, "నీ మీద ఊరికే అరిసినాను ఇన్నేళ్లు. మనసులో ఎట్టుకోకు" అంది. తలనొప్పిగా ఉందని లేచి వెళ్లి, స్నానాల గది తలుపేసుకుని ఏడ్చాను. ఎందుకేడుస్తున్నానో నాకే తెలీదు. పదిహేను రోజులు ఇదే వరస.

ఆ సమయంలోనే ఆసుపత్రిలో దేవి, ఇళ్ల దగ్గర రోగుల చీటీలు రాసుకునే తన ట్యాబ్ పట్టుకుని మా ఆయన దగ్గరికి వచ్చిందట. "లచ్చుమన్రావు గారూ, ఇదేటండి? ఆస్పత్రిలో ఉన్నంతసేపూ బాగానే ఉంటాది. ఊళ్లోకెల్లి తెరిస్తే సొరకాయలూ, టమాటాలూ వస్తన్నాయి. ఏదో ప్రకటన అనుకుని ఇన్నాళ్లూ సెప్పనేదు" అందట.

ఆ మధ్యాహ్నం మా ఆయన భోజనానికి వచ్చాడు. కంచం ముందు కూర్చున్నాడు. ముద్ద కలిపి అలాగే ఉంచాడు. అత్త ఎదురింటి అరుగు మీద ఉంది.

"నా వల్ల తప్పు జరిగిపోనాది సిట్టీ" అన్నాడు.

"ఏటయింది?" అన్నాను.

చెప్పాడు. పది మాటలు కాదు, ఉన్నవన్నీ చెప్పాడు. కంప్యూటరు పేరుకి చివర ఒక తోక ఉంటుందట. ఆసుపత్రి లోపల ఎవరైనా ఆ పేరు అడిగితే, లోపలి పేర్ల పుస్తకమే దారి చెప్తుంది. బయట ఊళ్లోకి వెళ్లాక ట్యాబ్ అదే పేరు అడిగితే, లోకం మొత్తానికి ఉన్న పేర్ల పుస్తకాన్ని అడుగుతుంది. ఇన్నాళ్లూ ఆ పుస్తకం "అలాంటి పేరు లేదు" అనేది. ట్యాబ్ నోరు మూసుకుని, ఆసుపత్రికి తిరిగొచ్చాక లెక్కలప్పజెప్పేది. రెండు నెలల కింద ఎవరో అదే పేరుని, తోకతో సహా, బయట కొనుక్కుని కూరగాయలు ఇంటికి పంపే దుకాణం పెట్టారు. ఇప్పుడు లోకం పుస్తకం "ఉంది, ఇదిగో" అంటోంది. ట్యాబ్ నమ్మేసి, రోగుల చీటీలు తీసుకెళ్లి ఆ దుకాణం చేతిలో పెట్టేసింది. పదకొండు చీటీలు. పేరు, ఊరు, ఫోను నెంబరు, రోగం.

"ఇంతకీ ఏటి పేరు?"

"ఇంటికి డాట్ సిటీ."

నాకు తిక్క రేగింది. "సిటీ ఏటయ్యా? నరసన్నపేట సిటీ ఎప్పుడయినాది? అంత పేరు ఎవులు పెట్టమన్నారు నిన్ను?"

ఆయన కంచంలోకి చూశాడు. "నాను సిటీ అని సెప్పనేదు."

"మరేటి సెప్పినావు?"

"సిట్టి."

గరిటె కింద పెట్టి ఆయన ఎదురుగా కూర్చున్నాను.

తొమ్మిదేళ్ల కింద ఆ పెద్ద కంప్యూటరు పెట్టినప్పుడు కంపెనీ ఇంజనీరు ఎక్కడి నుంచో ఫోనులో అడిగాడట, చివర ఏం పెట్టమంటారు సార్, బయట ఎవరూ వాడని మాటేదైనా చెప్పండి అని. ఈయన సిగ్గుపడుతూ సిట్టి అన్నాడు. అవతలివాడు మన వైపు వాడు కాదు. సిటీ అని విన్నాడు, అలాగే కొట్టాడు. తెరమీద చూసి ఈయన, ఇంగ్లీషులో మన మాట ఇలాగే రాస్తారు కాబోలు అనుకున్నాడు. ఇంగ్లీషుతో వాదించే ధైర్యం ఆయనకి ఎప్పుడూ లేదు. సిటీ అనే తోక బయట బజార్లో అమ్మే తోకని ఆ రోజు ఆయనకి తెలీదు.

"లోపల పేరు కావాలన్నారు. నాకు తెలిసిన లోపల పేరు అదొక్కటే" అన్నాడు.

తొమ్మిదేళ్లు. ఆ ఆసుపత్రిలో ల్యాబు సిట్టి, మందులు సిట్టి, ఇంటికి సిట్టి. ఏ బల్ల మీద ఏ కంప్యూటరు నోరు తెరిచినా చివర నా పేరే. ఈ మనిషి నాకు ఒక్క మాట చెప్పలేదు! పండక్కి చీర ఏ రంగు కావాలో కూడా అడగని మనిషి. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ మేక పేరు మీద ఇన్నేళ్లు నేను పెట్టుకున్న కోపం ఎక్కడుందో వెతుక్కున్నాను. దొరకలేదు. ఆ నిమిషంలో ఆయన్ని ఎంత ఇష్టపడ్డానో చెప్తే నవ్వుతారు, యాభై దగ్గరపడుతున్న మనిషిని, చెయ్యి కంచంలో పెట్టుకుని ముద్దాయిలా కూర్చున్న మనిషిని.

"ఆ దుకాణం వాడికి ఫోను చెయ్యి. అవి చెరిపేయమని చెప్పు" అన్నాను.

నా ముందే చేశాడు. స్పీకరు పెట్టాడు. అవతల కుర్రవాడి పేరు పృథ్వీరాజ్, ఊరు కాకినాడట. మర్యాదగానే మాట్లాడాడు.

"అయ్యో, మీదేనా సార్ ఆ ఆసుపత్రి? మా సైటుకి దారి తప్పి వచ్చేవన్నీ ఒకచోట పడతాయి. అక్కడ ఈ చీటీలు చూశాను. ఎవరివో పాపం అని, ఒకావిడకి ఫోన్ చేసి కూడా చెప్పాను. ఇప్పుడే మీ ఎదురుగానే అన్నీ చెరిపేస్తాను."

"ఎవులికి సేసినారు బాబూ?" అని మా ఆయన అడిగాడు.

"భాగ్యవతి గారికి."

మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నా ఫోను మోగలేదు. అప్పుడు తెలిసింది. ఆసుపత్రి కాగితాల్లో మా ఇద్దరి పేరూ ఒకటే, ఇంటిపేరూ ఒకటే, వీధీ ఒకటే. మూడేళ్ల కింద అత్త కంటి ఆపరేషన్‌కి ఇచ్చిన తన ఫోను నెంబరే ఎవరో నా చీటీకి ఎక్కించేశారు.

"ఏటి సెప్పినారు ఆవిడికి?"

"కిడ్నీ జబ్బు అని రాసుంది, గురువారం రక్తం తీయాలని రాసుంది, మీ వివరాలు నాకెందుకొస్తున్నాయో ఆసుపత్రిలో కనుక్కోండమ్మా అన్నాను. ఆవిడ అంతా విని, నాకేనా నాయనా అన్నారు. భాగ్యవతి మీరే కదా అన్నాను. నానే అన్నారు. ఎవులికీ సెప్పకు నాయనా, మా పిల్లలు నాకు తెలియకుండా దాస్తన్నారు, తెలిసిపోనాదంటే బాధపడతారు అన్నారు. అందుకే నేను మళ్లీ ఎవరికీ ఫోన్ చేయలేదు సార్."

ఆవకాయ జాడీ. పట్టుచీరలు. తలకి నూనె. పదిహేను రోజులుగా మా అత్త తాను చచ్చిపోతున్నాననుకుంటోంది. మేము తన దగ్గర దాస్తున్నామనుకుని, తనకి తెలిసిన సంగతి మా దగ్గర దాస్తోంది. గోవిందు బావగారికి ఏమేం వద్దన్నారో అన్నీ గుర్తు పెట్టుకుని ఒక్కర్తే పథ్యం చేస్తోంది.

"నీకు కాదు అని చెప్పేద్దాం" అన్నాను.

"సెప్తే, మరెవులికి అంటాది" అన్నాడు.

ఆ వీధిలో, ఆ ఇంటిపేరుతో, భాగ్యవతులు ఇద్దరే. నాకు అబద్ధాలు బాగానే వచ్చు, రెండేళ్లు అదే పని కదా. "ఇంకో ఊళ్లో ఇంకో భాగ్యవతి, ఆసుపత్రివాళ్ల పొరపాటు అని చెప్దాం" అన్నాను.

మా ఆయన తల అడ్డంగా ఊపాడు. "పేరు తప్పు పెట్టింది నాను. పదకొండు ఇళ్లకీ ఎల్లి, మీ చీటీ బయటికెల్లిపోనాదని సెప్పాలి. అందులో మనదొక ఇల్లు."

"డాక్టరు గారు పని తీసేస్తే?"

"తీసేస్తే కేబుల్ వైర్లు లాగుతాను. అయితే నువ్వు వద్దంటే మనింట్లో మాత్రం సెప్పను. అది నీ రోగం. సెప్పాలో వద్దో నీదే మాట."

ఆసుపత్రి యజమాని డాక్టరు గారికి ఆ సాయంత్రమే చెప్పాడు. ఆయన తల పట్టుకుని, ముందు ట్యాబులన్నీ ఆపేసి, పేరు మార్చమన్నారట. రెండు రోజులు మా ఆయన బల్ల బల్లకీ తిరిగి ఆ తోక తీసి కొత్తది పెట్టాడు. ఇంటర్నల్ అని. లోపలిది అని అర్థం. లోకంలో పేర్లు పంచే పెద్దలు ఈమధ్యనే ఆ మాటని పక్కన పెట్టారట, ఏ దేశంలో ఎవరికీ, ఎంతిచ్చినా, ఎప్పటికీ అమ్మేది లేదని. ఎవరి గోడల మధ్య వాళ్లు వాడుకోవచ్చు, బయటివాడి పేరుతో గుద్దుకోదు. "ఇలాటి మాట ఒకటి ముందే ఉండుంటే ఎంత బాగున్ను" అన్నాడు. ఒక్కో కంప్యూటరులో నా పేరు చెరిపినప్పుడు ఎలాగుందయ్యా అని అడిగాను. "బాగోనేదు" అన్నాడు. అంతే.

తరవాత సెలవు పెట్టి పది ఇళ్లకీ మోటారు సైకిల్ మీద తిరిగాడు. ఒక ఇంట్లో తిట్టారు. ఒక ఇంట్లో మజ్జిగిచ్చారు. ఒకాయన, ఊరంతా తెలిసిన రోగానికి బయటేటి లోపలేటి అని నవ్వాడట. పదో ఇంటి నుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విప్పి, నా వైపు చూశాడు. అడగలేదు. నేనే మూడు రోజులుగా నోరు మెదపలేక తిరుగుతున్నాను. ఉప్పు లేని మెతుకులు మా అత్త ఎదురుగా కూర్చుని తింటుంటే, చూసి కూడా ఊరుకున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆదివారం పొద్దున్న అత్త పెరట్లో నీడన కూర్చుని పెసలు బాగుచేస్తోంది. మనిషి చిక్కిపోయింది. మా ఆయన వెళ్లి ఎదురుగా కూర్చున్నాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను. మనసు ఇంకా వెనక్కి లాగుతూనే ఉంది.

"అత్తా, నీకు ఎవరో ఫోను చేశారటగా" అన్నాను.

ఆవిడ చెయ్యి ఆగింది. కొడుకు వైపు చూసింది. "నాకు తెలుసని మీకు తెలిసిపోనాదేటి? పోన్లే. నాకేటి బయం నేదు. డెబ్బై రెండేళ్లొచ్చినాయి. గోవిందు కాడికెల్తాను. ఆ మిషను మీద మాత్రం నన్ను పడుకోబెట్టకండి."

"అది నీకు కాదు అత్తా."

"నాకే. పేరు సెప్పినాడు కదా. బాగ్యవతి అన్నాడు."

"కాదంటే వినవేటి?"

"ఎందుకే ఇంకా దాస్తావు? బాగ్యవతి అంటే నాను కాదేటి?"

"భాగ్యవతి అంటే నువ్వొక్కదానివేనా?" అని అరిచేశాను. "ఆ పేరు నాది కాదా? నాకుండకూడదా ఆ పేరు?"

ఇరవై మూడేళ్లుగా అరవాలనుకున్న మాట అది. ఇలా అరుస్తానని అనుకోలేదు. అత్త నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. చాట పక్కన పెట్టింది.

"ఎన్నాళ్లయినాది?"

"రెండేళ్లు."

"మిషను?"

"లేదత్తా. మందులతో ఆగింది. చాలా ఏళ్లు ఇలాగే నెట్టుకు రావచ్చన్నారు."

"రెండేళ్లా! ఒసే దొంగగుంటా, నాకు తెలియకుండా రెండేళ్లా!" అని లేచి వచ్చి నా భుజం మీద రెండు దెబ్బలు వేసింది. మూడో దెబ్బకి చెయ్యి లేవలేదు. అక్కడే గుమ్మం మీద కూలబడింది. నేనూ పక్కన కూర్చున్నాను.

"పదిహేను దినాలు సచ్చిపోతన్నానని ఎంత నిమ్మళంగా ఉన్నానో తెలుసా? ఇప్పుడు నాకేటీ నేదన్నాక బయమేస్తన్నాదే" అంది.

మాటలు ఆగిపోతాయేమో, మళ్లీ ఆ ఆరు నెలలు వస్తాయేమో అని ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. "మాట్లాడత్తా. తిట్టు. నీ ఇష్టం వచ్చినట్టు తిట్టు" అన్నాను. మా ఆయన కదలకుండా పెసల వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. నా మొహమూ తుడిచింది.

"సూడు బాగ్యం" అంది. నన్ను ఆ పేరుతో ఆవిడ పిలవడం అదే మొదలు. "గోవిందుకి నా కిడ్నీ ఇస్తానంటే రక్తం కలవనేదన్నారు. కన్నకొడుక్కి కలవనేదు. నీకూ నాకూ పేరు కలిసింది కదే. అదీ కలుస్తాదేమో ఒకసారి డాక్టర్ని అడగమను."

ఆవిడకి డెబ్బై రెండేళ్లు. నాకు ఇప్పుడు ఆ అవసరమూ లేదు. పేరుకీ కిడ్నీకీ సంబంధం లేదని ఆవిడకి తెలీదని కాదు. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన రేపే అడుగుతానన్నాడు.